కొలిమికి కట్టిన కింది బొంత

రబ్బరు మాడుతున్న కంపు ముందు నా ముక్కుకే తగిలింది.

మంట చుట్టూ నిలబడి అందరూ మా ఆయన చెప్పే కబుర్లు వింటున్నారు. డెల్బర్ట్ నోటితో కంటే చేతులతోనే ఎక్కువ చెబుతాడు. బతుకంతా కరెంటు స్తంభాలెక్కి పనిచేసిన మనిషి. ఏ కథ మొదలుపెట్టినా అందులో ఒక మంచు తుఫాను, ఒక తెగిన తీగ, పైనుంచి కిందికి చూస్తున్న తానూ ఉండాల్సిందే. ఆ కథ నాకు కంఠతా వచ్చు కాబట్టి నా చూపు కిందికి పోయింది. ఆయన కుడి బూటు నిప్పుల్లో ఉంది. నిప్పుల పక్కన కాదు, నిప్పుల్లోనే. అడుగు నుంచి నల్లటి పొగ లేస్తోంది, అంచున రబ్బరు బుడగలు కడుతోంది. ఆయన మాత్రం తీగ తెగిన చోటికొచ్చి గొంతు పెంచాడు.

"ఓయ్, కొలిమి కాలిపోతోందిరోయ్!" అని అరిచాడు మా గుంపులో ఊరగాయ అని పిలిచే మనిషి.

అందరూ ఘొల్లుమన్నారు. డెల్బర్ట్ కిందికి చూశాడు. చూశాక కాలు తీశాడు. "ఏం, ముసలాణ్ని కాస్త కాళ్లు కాచుకోనివ్వరా?" అన్నాడు. మళ్లీ నవ్వులు.

నాకు నవ్వు రాలేదు. నిప్పు తగిలితే ఎవరైనా ముందు ఎగిరి గంతేస్తారు, ఆ తర్వాత చూసుకుంటారు. ఈయన ముందు చూశాడు, తర్వాత తీశాడు. ఆ చూడ్డం కూడా పక్కింటివాడి బూటుని చూసినట్టు చూశాడు. నాకు భయమేసింది, దాని వెనకే కోపం వచ్చింది. నాకు ఏది వచ్చినా దాని వెనక కోపం రావడం మామూలే. ఊరికే నాకు కందిరీగ అని పేరు పెట్టలేదు.

మా కొండల్లో నడిచేవాళ్లకి అడవిలో వేరే పేరుంటుంది. ఎవరికి వాళ్లు పెట్టుకోకూడదు. తోటివాళ్లు పెట్టాలి, పెట్టాక కాదనకూడదు. బరువు తగ్గుతుందని టూత్‌బ్రష్ పిడి కూడా కోసి పారేసే జనం మధ్య, దోసకాయలు నానేసిన గాజు జాడీని కొండ మీదికి మోసుకొచ్చాడు కాబట్టి వాడు ఊరగాయ. తిండి సంచీ ఎత్తుకుపోతున్న ఎలుగుబంటిని గిన్నె పట్టుకుని వెంటబడి తిట్టాను కాబట్టి నేను కందిరీగ. అది సంచీ వదిలేసి పారిపోయింది. ఇక మా ఆయన సంగతి. ఒక ఏడు ఇదే స్టిల్‌హౌస్ కనుమలో మంచువాన పడి, అందరూ పళ్లు టకటకలాడించుకుంటూ తెల్లవార్లూ మేలుకుని ఉంటే, ఈయన రెండు చెట్ల మధ్య కట్టుకున్న ఊయలలోంచి గురక వినపడింది. తెల్లారేసరికి ఆయన ఊయల పైన కప్పుగా కట్టుకున్న టార్పాలిన్ మీద మంచు మొత్తం కరిగిపోయి ఉంది. ఆ రోజు నుంచి కొలిమి.

పేరు పడ్డ రోజు నుంచీ ఆయన దాన్ని మోస్తూనే ఉన్నాడు. చలి అన్న మాట ఆ నోటెంట వస్తే ఒట్టు. వేళ్లు నీలంగా ఉన్నా "హాయిగా ఉంది" అంటాడు. నాకు ఒళ్లు మండేది, కానీ మగాళ్ల గొప్పలు అలాగే ఉంటాయిలే అని ఊరుకునేదాన్ని.

ఏటా ఫిబ్రవరిలో, చలి ముదిరాక, ఈ కనుమలో ఊయలలు కట్టుకుని పడుకోవడం మా గుంపుకి అలవాటు. ఇళ్లలో పొయ్యిలు, మంచాలు ఉన్నవాళ్లమే అందరం. ఎందుకొస్తారని అడిగితే ఎవరి దగ్గరా సరైన జవాబు ఉండదు. ఊయలలో పడుకున్నవాడికి పైన ఎన్ని కప్పుకున్నా లాభం లేదు. చలి కిందనుంచి కొడుతుంది. వీపు కింద బొంత పరుచుకుంటే మన బరువుకే అది నలిగి కాగితమైపోతుంది. అందుకని బొంతని ఊయల బయట, అడుగున వేలాడదీస్తాం, రెండు కొసల్లోనూ సాగే తాళ్లతో. మేం దాన్ని కింది బొంత అంటాం. అది వీపుని తాకాలి, వీపు దాన్ని నొక్కకూడదు. ఉన్న విద్యంతా ఇంతే. ఇది మా ఆయనకి వచ్చినంతగా మరొకరికి రాదు, ఆ మాట మటుకు కోపంలోనైనా ఒప్పుకుంటాను.

ఆ మధ్యాహ్నమే మేవిస్‌కి సర్దిపెట్టాడు. మేవిస్ స్కూలు బస్సు నడుపుతుంది, ఈ గుంపులోకి కొత్తగా వచ్చింది, ఇంకా పేరు పడలేదు. ఊయల కట్టుకుని, బొంత తగిలించుకుని, పడుకుని చూసి, వీపు గడ్డకట్టుకుపోతోందని గోల పెట్టింది.

"ఎంత బిగించావ్ తల్లీ దీన్ని?" అన్నాడు డెల్బర్ట్, ఊయల పక్కన మోకాళ్ల మీద కూర్చుని.

"చలేసింది, బిగించా. ఇంకా చలేసింది, ఇంకా బిగించా."

"అందరూ చేసే పనే అది. బొంతలో ఉన్నది బాతు ఈకల నూగు. అది పొంగితేనే వెచ్చదనం. నువ్వు బిగించేకొద్దీ దాని పీక పిసుకుతున్నావ్." ఊయలకీ బొంతకీ మధ్య చెయ్యి దూర్చాడు. "ఇక్కడెలా ఉంది?"

"చల్లగా."

తాడు కాస్త వదిలాడు. బొంత ఊపిరి పీల్చుకున్నట్టు లేచింది. "ఇప్పుడు?"

"ఉండండి... అమ్మో! ఎవరో కింద పొయ్యి పెట్టినట్టుంది!"

"పొయ్యి నువ్వే. నీ వేడి నీ దగ్గరే ఉంచుతోంది, అంతే," అన్నాడు ఆయన. మేవిస్ ఊయలలోంచి చెయ్యి బయటికి పెట్టి ఆయన భుజం తట్టింది.

మా కనుమలో ఒక కట్టుబాటు ఉంది. పొద్దుగుంకేలోగా ప్రతి ఒక్కరూ తమ ఊయలలో పడుకోవాలి, మరొకరు కింద చెయ్యి పెట్టి చూడాలి. చూడకుండా ఎవరూ నిద్రకి పోకూడదు. బొంత ఎక్కడ వేలాడిందో, ఎక్కడ నలిగిందో చెయ్యి కనిపెడుతుంది. కానీ చలి సంగతి చెయ్యి చెప్పలేదు, అది పడుకున్నవాళ్లే చెప్పాలి. చూసేది డెల్బర్ట్. ఆయనది ఆఖర్న చూడాలి. ఏటా ఆఖర్న ఎవరో ఒకరు "కొలిమికి బొంతేంటి, చూసేదేంటి" అంటారు, అందరూ నవ్వుతారు, కట్టుబాటు అక్కడితో సరి.

కాలిన బూటు మీద నవ్వులు ఆగాక ఆయన మోచెయ్యి పట్టుకుని కట్టెలు పేర్చిన చోటు వెనక్కి లాక్కెళ్లాను.

"కాలు చూపించు."

"బూటేగా పోయింది. ఇంకోటి కొనుక్కుంటా."

"నేనడిగేది బూటు గురించి కాదు. కాలు కాలిందా, లేదా?"

"అడుగు మందంగా ఉంటుందిలే."

"ఏది మందం? బూటా, నువ్వా? అక్టోబరులో డాక్టరు ఏమన్నాడు?"

"చెప్పాగా. చక్కెర అదుపులో ఉందన్నాడు."

"కాళ్ల గురించి?"

"ఏమీ అనలేదు."

అంటూ ఓక్ చెట్టు కేసి చూశాడు. ఇంత కాపురంలో నేను నేర్చుకున్నది ఒకటుంది. ఈయన అబద్ధమాడేటప్పుడు బయట ఉంటే చెట్లని చూస్తాడు, ఇంట్లో ఉంటే ఫ్రిజ్‌ని చూస్తాడు. చలికాలం మొదట్లో బూటులో గులకరాయి పెట్టుకుని రోజంతా తిరిగాడు, మడమ పుండైంది. అప్పుడూ ఫ్రిజ్‌నే చూశాడు. అంతకుముందు మరిగే నీళ్ల టబ్బులో కాలు పెట్టి, నేను కేకేస్తే గానీ తియ్యలేదు. అన్నీ ఒక్కసారిగా నా కళ్ల ముందు వరసలో నిలబడ్డాయి, ఒక్కొక్కటీ నా మొహం మీదే నవ్వుతున్నట్టు.

పరాయివాడైతే తెలీక చేశాడనుకోవచ్చు. ఈయనకి తెలీకపోవడమా? వాళ్ల నాన్న వర్జిల్‌కి ఇదే చక్కెర జబ్బు. ముందు బొటనవేలు తీసేశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలు. ఆఖరి రోజుల్లో ఆయన్ని ఎత్తుకుని స్నానానికి తీసుకెళ్లింది ఈ డెల్బర్టే. మామగారు గనిలో పనిచేసిన మనిషి, కొండంత మనిషి. కొడుకు చేతుల్లో మూటలా ఉండేవాడు. అన్నీ చూసి, అన్నీ మోసి, ఇప్పుడు నాతో చెట్లని చూస్తూ మాట్లాడతాడా?

"కాళ్ల కింద పెట్టుకునే ఫోమ్ ముక్క ఏది?" అన్నాను. ఆయనది కురచ బొంత, భుజాల దగ్గర మొదలై మోకాళ్ల దగ్గర ఆగిపోతుంది. బరువు తక్కువని గొప్ప. అలాంటిది వాడేవాళ్లు పాదాల కింద చిన్న ఫోమ్ చాప పెట్టుకుంటారు. లేకపోతే పాదాల కింద ఉండేది పల్చటి గుడ్డ, దాని కింద గాలి, అంతే.

"ఇంట్లో వదిలేశా. నాకెందుకు అది?"

"డెల్బర్ట్, ఇవాళ రాత్రి సీసాల్లో నీళ్లు రాళ్లయిపోతాయి. పద, ఇంటికి పోదాం."

"నువ్వు పో. నేను రాను. ఇప్పుడు పోతే మళ్లీ ఇక్కడికి రాలేను నేను." ఈసారి చెట్టుని చూడలేదు, అది నిజమే కాబట్టి. వెంటనే మొహానికి నవ్వు తగిలించుకున్నాడు. "వెళ్లి తిను, కందిరీగా. ఊరగాయ లేడి మాంసం వండాడు, చల్లారిపోతుంది."

"ఆ గిన్నె తెచ్చి నీ నెత్తిన బోర్లిస్తా!"

"అలాగే. నెత్తి వెచ్చగా ఉంటుంది," అంటూ మంట దగ్గరికి వెళ్లిపోయాడు.

అదీ ఆయన వరస. నేను నిప్పులు కక్కుతుంటే ఆయన చమత్కారాలు పోతాడు. చూసేవాళ్లకి ఆయన మంచివాడు, నేను గయ్యాళిని. కూర తిన్నాను, మొక్కజొన్న రొట్టె తిన్నాను, ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత నీళ్లకని ఊట దగ్గరికి వెళ్లాను. ఊట అంచున మంచు పలకలా పేరుకుంది. రాయితో కొట్టి, గుప్పెడంత గడ్డ ఒకటి విరిచి కోటు జేబులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో నాకు బాగా తెలుసు. దానికి నేనేం సిగ్గుపడటం లేదు.

చెట్ల మధ్య వెలుతురు పలచబడ్డాక డెల్బర్ట్ ఊయల ఊయలకీ తిరిగాడు. ఎవరి బొంత కిందికి జారిందో లాగాడు, ఎవరి తాడు బిగిసిందో వదిలాడు. ఊరగాయ బొంత అడ్డంగా తిరిగిపోయి ఉంటే "ఇది బొంతా, జెండానా?" అని సరిచేశాడు. అందర్నీ అడిగాడు, అందరూ నిజం చెప్పారు. ఇక్కడ చల్లగా ఉంది, అక్కడ గాలొస్తోంది, నడుము దగ్గర బాగుంది. అబద్ధం చెప్పాల్సిన అవసరం వాళ్లకెవరికీ లేదు.

"ఇక మన కొలిమి ఒక్కడే," అన్నారెవరో.

"కొలిమికి బొంతేంటి, చూసేదేంటి!" అన్నాడు ఊరగాయ. నవ్వులు మొదలయ్యాయి.

"ఈ ఏడు నేను చూస్తా," అన్నాను.

డెల్బర్ట్ నా మొహం చూశాడు. నలుగురి ముందూ కాదంటే బాగోదు. బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్లతో ఊయలలోకి ఎక్కి, తలకింద చేతులు పెట్టుకుని టార్పాలిన్ కేసి చూస్తూ పడుకున్నాడు. అందరూ చుట్టూ చేరారు. చలికాలపు సాయంత్రం అడవిలో ఇంతకంటే వేడుక ఏముంటుంది?

వీపు కింద చెయ్యి పెట్టాను. బొంత పొందిగ్గా ఉంది, నలగలేదు, ఖాళీ లేదు. ఆయన పనికి వంక పెట్టలేం.

"ఇక్కడెలా ఉంది?"

"వెచ్చగా."

"నడుము?"

"పెనం మీద రొట్టెలా ఉన్నా."

నవ్వులు. మోకాళ్లు దాటాను. బొంత అయిపోయింది. చేతికి ఒట్టి గుడ్డ తగిలింది, దాని మీద ఆయన మడమలు రెండూ బరువుగా ఆనుకుని ఉన్నాయి. రెండో చేత్తో జేబులోంచి మంచుగడ్డ తీసి, గుడ్డకి కిందనుంచి అదిమి, మడమ కింద పట్టుకున్నాను.

"ఆ తీగ తెగిన కథ ఇందాక సగంలో ఆగిపోయింది కదా, మేవిస్ వినలేదు. చెప్పు," అన్నాను.

కథ చెప్పమంటే ఈయన కాదంటాడా? మొదట్నుంచీ మొదలుపెట్టాడు. స్తంభం, మంచు, నిచ్చెన జారడం, కింద నిలబడి దండం పెడుతున్న కోళ్లఫారం ముసలాయన. నేను గడ్డని పట్టుకునే ఉన్నాను. వేళ్లు సలపడం మొదలైంది, తర్వాత మణికట్టు దాకా నొప్పి పాకింది. గడ్డ కరిగి, గుడ్డ తడిసి, నీళ్లు నా చెయ్యి మీదుగా కింద మంచులోకి బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ముందు మేవిస్ చూసింది. నవ్వుతున్న నోరు అలాగే ఉండిపోయింది. తర్వాత ఆమె పక్కనున్నతను చూశాడు. ఊరగాయ చివర్న చూశాడు, వాడి మొహం మాడిపోయింది. ఒక్కొక్కరే నవ్వడం మానేశారు. డెల్బర్ట్ మాత్రం టార్పాలిన్‌కి కథ చెబుతూనే ఉన్నాడు.

"...అప్పుడా ముసలాయన, 'అయ్యా, కరెంటు వద్దు, నువ్వు దిగితే చాలు' అన్నాడు!"

ఎవరూ నవ్వలేదు.

"ఏమైంది, కథ బాలేదా?" అన్నాడు.

"పాదాల దగ్గరెలా ఉంది, డెల్బర్ట్?"

"చెప్పాగా, కందిరీగా. వెచ్చగా ఉంది."

లేచి, మిగిలిన గడ్డని ఆయన అరచేతిలో పెట్టాను. చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. గడ్డ ఆయన ఛాతీ మీద పడి, జారి, ఊయలలో ఉండిపోయింది. ఆయన దాన్ని చూశాడు, తలెత్తి తడిసిన గుడ్డని చూశాడు, తర్వాత చుట్టూ ఉన్న మొహాలు చూశాడు.

"నలుగురిలో నా పరువు తీశావ్," అన్నాడు. గొంతు చాలా చిన్నగా ఉంది.

"పరువా? నీ పరువు తీస్తే మళ్లీ మొలుస్తుంది. కాలు తీస్తే మొలుస్తుందా? మీ నాన్నకి మొలిచిందా?"

ఆ మాట అనకూడదని అనేముందే తెలుసు. అయినా అన్నాను. ఆయన మంచులోకి మేజోళ్లతోనే దిగబోతే మేవిస్ వంగి బూట్లు అందించింది. తాళ్లు కట్టుకోకుండా, ఒక బూటు అడుగు సగం కరిగిపోయి, వంకరగా నడుస్తూ ట్రక్కులున్న వైపు వెళ్లిపోయాడు.

"కాస్త ఎక్కువైందేమోనమ్మా," అన్నాడు ఊరగాయ మెల్లగా.

అంతే. వాడి మీదికి తిరిగాను.

"ఎక్కువైందా? బూటు కాలుతుంటే నవ్వింది నువ్వు కాదూ? ఏటా నవ్వేది మీరు కాదూ? ఆయన మీ అందరి బొంతల కిందా చెయ్యి పెట్టాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి, ఒక్కరైనా ఆయన బొంత కింద చెయ్యి పెట్టారా? పేరు పెట్టారు, చేతులు దులుపుకున్నారు! కొలిమికి చలేస్తుందా అని ఒక్కడికైనా అనుమానం రాలేదా?"

ఊరగాయ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. వాణ్ని అన్నందుకు నాకేం జాలి కలగలేదు. నిజానికి ఇంకో నాలుగు మాటలు మిగిలి ఉన్నాయి, కానీ ఐసు పట్టుకున్న చేతిని చంకలో దోపుకుని అక్కడితో ఆపాను.

ఆయన వెనక వెళ్లి బతిమాలలేదు. ట్రక్కు తాళాలు నా జేబులోనే ఉన్నాయి కాబట్టి ఎక్కడికీ పోలేడని తెలుసు. నా ఊయల దగ్గరికి వెళ్లి నా కింది బొంత ఊడదీశాను. అది పొడుగు బొంత, మెడ నుంచి మడమల దాకా వస్తుంది. బరువని ఏటా ఆయన వెక్కిరించే బొంత. ఆయన కురచ బొంత విప్పి కింద పడేసి, నాది ఆయన ఊయలకి తగిలించాను. తాడు లాగాను. ప్రతి లాగుడికీ ఒక తిట్టు. అక్టోబరుకి ఒకటి, గులకరాయికి ఒకటి, ఫ్రిజ్‌కి ఒకటి. ఊరగాయ తన ఫోమ్ చాప తెచ్చి నా ఊయలలో పరిచి వెళ్లాడు, కురచ బొంతతో నాకు ఇబ్బంది కాకుండా. మేవిస్ కురచ బొంతకి అంటిన మంచు దులిపి నాకు తగిలించిపెట్టింది.

చీకటి పడుతుండగా డెల్బర్ట్ తిరిగొచ్చాడు. తుమ్ముతూ వచ్చాడు. తన ఊయల కింద వేలాడుతున్న పొడుగు బొంతని చూసి ఆగిపోయాడు. చెట్లని చూడలేదు. మంట దగ్గర కూర్చున్నవాళ్లని చూశాడు.

"డాక్టరు నన్ను కళ్లు మూసుకోమన్నాడు," అన్నాడు. ఎవరికి చెబుతున్నాడో తెలీనట్టు, అందరికీ వినపడేలా. "సన్నటి దారంలాంటిది పెట్టి ఒక్కో వేలూ ముట్టుకుంటూ, ఎక్కడ తగులుతోందో చెప్పమన్నాడు. నాకేం తెలీలేదు. ఊహించి చెప్పా. కొన్ని కరెక్టయ్యాయి. కాళ్లు జాగ్రత్త, మళ్లీ రా అన్నాడు. నేను వెళ్లలేదు."

ఊహించి చెప్పాడట! పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాసినట్టు తన కాళ్ల గురించి తనే ఊహించి చెప్పాడట. ఆ క్షణంలో మళ్లీ ఊట దగ్గరికి వెళ్లి ఇంకో గడ్డ తెచ్చి నెత్తిన మొట్టాలనిపించింది.

"సోమవారం వెళ్తున్నాం," అన్నాను. "ఈసారి నేనూ లోపలికొస్తా. కళ్లు తెరుచుకునే ఉంటా."

"సరే."

"ఎక్కు."

ఎక్కాడు. పడుకున్నాడు. ఈసారి ఎవరూ చుట్టూ చేరలేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఆయన పాదాల కింద, ఊయలకీ బొంతకీ మధ్య చెయ్యి పెట్టాను. ఐసు పట్టుకున్న చెయ్యే.

"ఇక్కడెలా ఉంది?"

పైన టార్పాలిన్ గాలికి ఒకసారి కొట్టుకుంది.

"నాకు తెలీదు, వెర్లీన్."

ఈ కనుమలో ఇన్నేళ్లలో ఆయన నన్ను ఆ పేరుతో పిలవలేదు. ఎవరూ పిలవలేదు. నాకు ఏడుపొచ్చింది. కోపం మాత్రం పోలేదు. ఊయల గుడ్డ మీద నుదురు ఆనించి ఊపిరి తీసుకున్నాను. అప్పుడు గాని నా చేతికి తగులుతున్నదేంటో గమనించలేదు. బొంత పలకలా అణిగిపోయి ఉంది. తిట్టుకొక లాగుడు చొప్పున నేనే బిగించాను. మధ్యాహ్నం మేవిస్ చేసిన పనే. మామూలుగా అయితే ఈపాటికి "పీక పిసక్కు" అని పైనుంచి పాఠం మొదలయ్యేది.

"చల్లగా ఉంది," అన్నాను నేనే. "బిగుసుకుపోయింది. వదులుతున్నా."

కొక్కెం జరిపి తాడు వదిలాను. ఇంకాస్త వదిలాను. నూగు మెల్లగా పొంగి నా వేళ్ల చుట్టూ లేచింది. రెండో చేత్తో ఆయన మేజోడు మీదనుంచి మడమ పట్టుకున్నాను. అది చేపలా చల్లగా ఉంది. పట్టుకునే ఉన్నాను.

"ఇప్పుడెలా ఉంది?" అన్నాడు డెల్బర్ట్. ఊయలలో పడుకున్నవాడు అడిగాడు, కింద కూర్చున్న నన్ను.

"ఉండు," అన్నాను. "ఇంకా తెలీట్లేదు. తెలిశాక చెప్తా."